కోచ్‌ను రెండు పడవల మీద నిలబెట్టిందెవరు? భారత ఫుట్‌బాల్ పెద్దలకు బహిరంగ లేఖ

అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య అధ్యక్షులకు, కార్యవర్గ సభ్యులకు,
ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్‌ఎల్) క్లబ్‌ల యాజమాన్యాలకు,
తెలంగాణ రాష్ట్ర క్రీడా శాఖ పెద్దలకు,

విషయం: స్పెయిన్ కోచ్ మనోలో మార్క్వెజ్ హైదరాబాద్‌లో కట్టిన జట్టు చెదిరిపోవడం, భారత జట్టుతో ఆయన పని ఏడాదైనా సాగకపోవడం, వీటివల్ల ఆటగాళ్లకూ పిల్లలకూ జరిగిన నష్టం గురించి.

అందరికీ నమస్కారం.

నేను సికింద్రాబాద్‌లో 22 ఏళ్లుగా పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పుతున్నాను. మా గ్రౌండ్‌కు బోర్డు లేదు, గేటు లేదు. మధ్యలో క్రికెట్ పిచ్ ఉంటుంది కాబట్టి మేం ఒక పక్కకు జరిగి ఆడతాం. ఆదివారం తెల్లారకముందే వెళ్లి సున్నంతో గీతలు వేసుకుంటాం, ఎనిమిదింటికల్లా క్రికెట్ వాళ్లకు అప్పగిస్తాం. ఇప్పుడు 38 మంది పిల్లలు వస్తున్నారు. ఆటో నడిపేవాళ్ల పిల్లలు, ఏసీ మెకానిక్‌ల పిల్లలు, టిఫిన్ బండి పెట్టుకున్నవాళ్ల పిల్లలు. ఫీజు ఇవ్వగలిగినవాళ్లు ఇస్తారు, లేనివాళ్లను నేను అడగను.

ఈ లేఖలో ఉన్న సంగతులనే మేం, అంటే నేనూ కొందరు తల్లిదండ్రులూ కలిసి, మూడు వినతిపత్రాలుగా ఇచ్చాం. మొదటిదానికి ‘అందినది’ అని స్టాంపు వేసి కాపీ చేతికిచ్చారు. రెండోది ఏ సెక్షన్‌కు వెళ్లిందో కనుక్కోవడానికి రెండుసార్లు పని మానుకుని తిరిగాం. మూడోది స్పీడ్ పోస్టులో పంపితే, చేరినట్టు ఫోన్‌కు మెసేజ్ వచ్చింది. జవాబు మాత్రం దేనికీ రాలేదు. అవి ఏ కార్యాలయాలో ఇక్కడ రాయను. ఎవరినో బజారుకీడ్చడం మా ఉద్దేశం కాదు. ఈ విషయం పది మందిలో చర్చకు రావాలని ఇలా అందరి ముందూ పెడుతున్నాను.

మనోలో మార్క్వెజ్ కథే ఎందుకు ఎత్తుకున్నానో ముందే చెబుతాను. ఒకే మనిషి మన దేశంలో ఒకచోట అద్భుతంగా పనిచేశాడు, ఇంకోచోట చేయలేకపోయాడు. ఆయనకు తెలిసిన ఆట అదే, పద్ధతి అదే, ఆటగాళ్లలోనూ చాలామంది వాళ్లే. మరి తేడా ఎక్కడొచ్చింది? మన ఫుట్‌బాల్‌కు పట్టిన రోగం ఏమిటో అక్కడే తెలుస్తుంది.

ఆయన 1968లో బార్సిలోనాలో పుట్టారు. పేరున్న ఆటగాడేమీ కాదు. కోచ్‌గా చాలా ఏళ్లు కాటలోనియాలోని కింది డివిజన్లలోనే గడిపారు. బదలోనా, ఎస్పాన్యోల్ రెండో జట్టు లాంటివి. తర్వాత కానరీ దీవులకు వెళ్లి లాస్ పాల్మాస్ క్లబ్ రెండో జట్టును చూసుకున్నారు. 2017 వేసవిలో అదే క్లబ్ ఆయనకు స్పెయిన్ అగ్రశ్రేణి లీగ్ లా లీగాలో ఆడే మొదటి జట్టును అప్పగించింది. ఆరు మ్యాచ్‌లు, రెండు గెలుపులు, నాలుగు ఓటములు. సెప్టెంబరు తిరగకముందే ఆయన రాజీనామా చేశారు. ఆ సీజన్‌లో లాస్ పాల్మాస్ ఇంకా కోచ్‌లను మార్చింది, చివరికి లా లీగా నుంచే కిందికి దిగిపోయింది. నెలకొకరిని మార్చితే జట్టు బాగుపడదని అక్కడే ఒకసారి రుజువైంది. ఆ తర్వాత క్రొయేషియాలో ఇస్త్రా 1961, థాయ్‌లాండ్‌లో రాట్చబురి. అక్కడి నుంచి 2020 ఆగస్టు చివర్లో హైదరాబాద్ ఎఫ్‌సీ కోచ్ అయ్యారు. అప్పటికి ఆ కుర్చీలో ఉన్న ఆల్బర్ట్ రోకాను బార్సిలోనా క్లబ్ పిలవడంతో ఖాళీ వచ్చింది.

హైదరాబాద్ ఎఫ్‌సీ అంతకుముందు 2019-20లో, తన మొదటి సీజన్‌లో, పది జట్లలో పదో స్థానంలో నిలిచింది. అలాంటి జట్టుకు కోచ్‌గా రావడానికే ధైర్యం కావాలి. ఆయన వచ్చి పెద్ద పేర్ల వెంట పడలేదు. ఆకాశ్ మిశ్రాకు అప్పటికి ఇంకా 19 నిండలేదు. అతన్ని ఎడమ వైపు బ్యాక్‌గా దించి, తప్పు చేసినా తియ్యకుండా, మ్యాచ్ తర్వాత మ్యాచ్ ఆడించారు. కుడి వైపు సిక్కిం కుర్రాడు ఆశిష్ రాయ్. ముందు వరుసలో గోవా నుంచి వచ్చిన లిస్టన్ కొలాసో. ఆ సీజన్‌లో జట్టు 29 పాయింట్లతో ఐదో స్థానానికి ఎగబాకింది. చివరి మ్యాచ్‌లో గోవాను ఓడించి ఉంటే సెమీఫైనల్ ఆడేది, అది 0-0 అయింది. 2021 మార్చిలో ఆకాశ్ మిశ్రా, చింగ్లెన్‌సానా సింగ్ భారత జట్టుకు తొలిసారి ఆడారు.

పిల్లలకు ఆట నేర్పేవాడిగా నాకు బాగా నచ్చింది ఆ ఆకాశ్ మిశ్రా సంగతే. కుర్రాడు బంతి పోగొట్టుకుంటే గోల్ పడుతుంది, గోల్ పడితే కోచ్ ఉద్యోగం పోతుంది. ఆ టెన్షన్ పెట్టుకుని కూడా వచ్చే మ్యాచ్‌లో అదే కుర్రాణ్ణి దించాలంటే, తనను వచ్చే నెల కూడా ఇక్కడే ఉండనిస్తారన్న నమ్మకం కోచ్‌కు ఉండాలి. హైదరాబాద్‌లో ఆయనకు ఆ నమ్మకం దొరికింది.

రెండో ఏడాది 2021-22. లీగ్‌లో 38 పాయింట్లతో రెండో స్థానం. నైజీరియా స్ట్రైకర్ ఓగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. సెమీస్‌లో ఏటీకే మోహన్ బగాన్ మీద గెలిచారు. 2022 మార్చి 20న గోవాలోని ఫతోర్దాలో కేరళ బ్లాస్టర్స్‌తో ఫైనల్. స్టేడియం నిండా పసుపు రంగే, కానీ అందులో ఎక్కువ భాగం కేరళ అభిమానులది. రాహుల్ కేపీ గోల్‌తో వాళ్లు ముందుకెళ్లారు. 88వ నిమిషంలో సాహిల్ తవోరా బాక్స్ బయట నుంచి గాల్లో ఉన్న బంతిని అలాగే తన్నాడు, అది లోపలికి దూసుకెళ్లింది. పెనాల్టీల్లో గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు ఆపాడు. 3-1. మా ఇంట్లో ఆ రాత్రి 14 మంది పిల్లలు టీవీ ముందు నేల మీద కూర్చుని చూశారు. కట్టిమణి మూడోది ఆపగానే మా కింది వాటా పెద్దావిడ ఏమైందోనని పైకి పరుగెత్తుకొచ్చింది.

ఒక మాట గుర్తు చేయాలి. కరోనా వల్ల ఆ రెండు సీజన్లూ మొత్తం గోవాలోనే జరిగాయి. హైదరాబాద్ పేరు పెట్టుకున్న జట్టు ఆ రెండేళ్లలో హైదరాబాద్‌లో ఒక్క లీగ్ మ్యాచ్ కూడా ఆడకుండానే ఛాంపియన్ అయింది. మార్క్వెజ్ కట్టిన జట్టును మా పిల్లలు గచ్చిబౌలిలో కళ్లారా చూసింది 2022-23లోనే. ఆ ఏడాది 42 పాయింట్లతో మళ్లీ రెండో స్థానం, సెమీస్‌లో పెనాల్టీల మీద ఓటమి. మూడు సీజన్లలో ఐఎస్‌ఎల్‌లో 65 మ్యాచ్‌లు. 2023 వేసవిలో మార్క్వెజ్ ఎఫ్‌సీ గోవా క్లబ్‌కు వెళ్లిపోయారు.

ఆ తర్వాత జరిగింది మీ అందరికీ తెలుసు, అయినా రాస్తాను. 2023-24లో హైదరాబాద్ ఎఫ్‌సీలో జీతాలు ఆగిపోయాయి. విదేశీ ఆటగాళ్లు, ఆ తర్వాత మన సీనియర్లు, ఒక్కొక్కరే వెళ్లిపోయారు. బకాయిల వల్ల కొత్తవాళ్లను చేర్చుకోకుండా ఫిఫా నిషేధం పెట్టింది. మిగిలిన కుర్రాళ్లతో 22 మ్యాచ్‌లు ఆడి ఒక్కటి గెలిచారు, 8 పాయింట్లు. రెండేళ్ల కిందటి ఛాంపియన్లు! 2024లో యాజమాన్యం మారింది. 2024-25లో 13 జట్లలో 12వ స్థానం. 2025లో ఆ జట్టు ఢిల్లీకి తరలిపోయి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. పేరు పోయింది, రంగు పోయింది.

ఇక భారత జట్టు సంగతి. 2024 జూన్‌లో ఇగోర్ స్టిమాచ్‌ను తీసేశాక, జులై 20న మార్క్వెజ్‌ను కోచ్‌గా ప్రకటించారు. 2024-25 సీజన్ అంతా ఆయన గోవా క్లబ్‌కూ భారత జట్టుకూ కలిపి పనిచేస్తారని, ఆ తర్వాతే దేశానికి పూర్తి సమయం ఇస్తారని అప్పుడే చెప్పారు. ఏ స్కూల్లోనైనా పదో తరగతి లెక్కల టీచర్‌ను ఇంకో స్కూల్లో కూడా పెట్టి, బోర్డు పరీక్షలు అయ్యాక ఇక్కడికి పూర్తిగా వస్తాడంటే తల్లిదండ్రులు ఒప్పుకుంటారా? ఆసియా కప్ క్వాలిఫయర్లు మొదలయ్యేది ఆ సీజన్ మధ్యలోనే అని అందరికీ తెలుసు.

ఆయన మొదటి మ్యాచ్ కూడా గచ్చిబౌలిలోనే. 2024 సెప్టెంబరు 3న మారిషస్‌తో 0-0, 9న సిరియా చేతిలో 0-3. అక్టోబరులో వియత్నాంలో 1-1. నవంబరు 18న మళ్లీ గచ్చిబౌలిలో మలేసియాతో. ఆ రోజు నేను 14 మంది పిల్లల్ని మెట్రోలో రాయదుర్గం దాకా, అక్కడి నుంచి ఆటోల్లో తీసుకెళ్లాను. ఒకరి తల్లి అందరికీ పులిహోర పొట్లాలు కట్టి ఇచ్చింది. మన గోల్‌కీపర్ గుర్‌ప్రీత్ బాక్స్ వదిలి ముందుకు వచ్చేసిన క్షణంలో మలేసియా గోల్ కొట్టింది. మా గ్రౌండ్‌లో గోల్ దగ్గర నిలబడే పన్నెండేళ్ల పిల్లాడు పొట్లం పక్కన పెట్టేసి, “సార్, వెనకాల డిఫెండర్ అరవలేదు” అన్నాడు. వాడు చెప్పింది నిజం. నలుగురు డిఫెండర్లూ గోల్‌కీపరూ కలిసి రోజూ ప్రాక్టీస్ చేస్తేనే ఎవరు ఎప్పుడు అరవాలో తెలుస్తుంది. రాహుల్ భేకే తలతో కొట్టి స్కోరు సమం చేశాడు, 1-1. ఆ ఏడాది మన జట్టు ఒక్క మ్యాచ్ కూడా గెలవలేదు.

2025 మార్చి 19న షిల్లాంగ్‌లో మాల్దీవుల మీద 3-0. రిటైరైన సునీల్ ఛెత్రీని 40 ఏళ్ల వయసులో మళ్లీ పిలిచారు, ఆయన గోల్ కూడా కొట్టారు. ఆరు రోజుల తర్వాత అదే షిల్లాంగ్‌లో బంగ్లాదేశ్‌తో ఆసియా కప్ క్వాలిఫయర్, 0-0. జూన్ 4న థాయ్‌లాండ్‌లో స్నేహపూర్వక మ్యాచ్, 0-2. జూన్ 10న హాంకాంగ్‌లో క్వాలిఫయర్, ఇంజురీ టైమ్‌లో ఇచ్చిన పెనాల్టీతో 0-1. జులై 2న, పరస్పర అంగీకారంతో విడిపోతున్నామని సమాఖ్య ప్రకటించింది.

లెక్క చూడండి. 8 మ్యాచ్‌లు, 1 గెలుపు, 4 డ్రాలు, 3 ఓటములు. కొట్టినవి 5 గోల్స్, అందులో 3 ఒక్క మాల్దీవుల మీదే. నిజంగా మన పాయింట్లు నిర్ణయించే క్వాలిఫయర్లలో ఒక్క గోల్ కూడా లేదు. ఫిఫా ర్యాంకు 2024 జులైలో 124, ఏడాది తిరిగేసరికి 133.

అదే కాలంలో అదే మనిషి గోవాతో ఏం చేశారు? ఐఎస్‌ఎల్‌లో 48 పాయింట్లతో రెండో స్థానం. మే 3న భువనేశ్వర్‌లో జంషెడ్‌పూర్‌ను 3-0తో ఓడించి సూపర్ కప్. ఆ పనిలో ఆయన రోజూ గ్రౌండ్‌లో ఉన్నారు. దేశం పనికి మాత్రం ఫిఫా విండో, అంటే క్లబ్‌లు ఆటగాళ్లను దేశం జట్లకు వదిలే గడువు, తెరిచిన నాలుగు రోజులే చిక్కాయి.

మార్క్వెజ్ తప్పేమీ లేదని నేను అనడం లేదు. రెండు ఉద్యోగాలకూ ఆయనే సంతకం పెట్టారు. బంగ్లాదేశ్‌తో సొంతగడ్డ మీద ఆడిన మ్యాచ్‌లో జట్టు ఎంపికా, ఆడిన తీరూ రెండూ బాగాలేవు. 40 ఏళ్ల ఛెత్రీని వెనక్కి పిలవడం నాకు నచ్చలేదు, ఆయనంటే ఎంత గౌరవం ఉన్నా సరే. కానీ ఒక మనిషిని రెండు పడవల మీద నిలబెట్టి, పడిపోయాక ఈత రాదనడం న్యాయం కాదు. ఆ తర్వాత ఖలీద్ జమీల్‌ను తెచ్చినప్పుడు క్లబ్ పని వదిలించి పూర్తికాలం కోచ్‌గా పెట్టుకున్నారు. ముందటి ఏర్పాటు సరైంది కాదని మీరే ఒప్పుకున్నట్టే కదా. అయితే అప్పటికే ఆలస్యమైపోయింది. 2025 అక్టోబరు 14న ఫతోర్దాలో సింగపూర్ చేతిలో 1-2తో ఓడి, 2027 ఆసియా కప్‌కు మనం దూరమయ్యాం.

“రహీమ్ సాబ్ కూడా హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టునూ భారత జట్టునూ కలిపి చూసుకున్నారు కదా” అని ఒక పెద్దమనిషి నాతో అన్నారు. నిజమే. సయ్యద్ అబ్దుల్ రహీమ్ మా నగరం మనిషి. ఆయన చేతిలో సిటీ పోలీస్ 1950 నుంచి 1954 వరకు వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. భారత జట్టు 1951లోనూ 1962లోనూ ఆసియా క్రీడల స్వర్ణం గెలిచింది, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. కానీ అప్పటి భారత జట్టులో చాలామంది ఆయన రోజూ చూసే హైదరాబాదీలే. ఇప్పుడు భారత జట్టులో ఉన్నవాళ్లు పది క్లబ్‌ల నుంచి వస్తారు, పది మంది కోచ్‌ల దగ్గర పది పద్ధతుల్లో ఆడతారు. జాతీయ కోచ్ వాళ్ల మ్యాచ్‌లకు వెళ్లాలి, వాళ్ల కోచ్‌లతో మాట్లాడాలి. పైగా రహీమ్ సాబ్‌కు దొరికినంత కాలం ఇప్పుడు ఎవరికి ఇస్తున్నారు? 1950 నుంచి 1963లో కన్నుమూసేదాకా ఆయన ఈ పనిలో ఉన్నారు. మార్క్వెజ్‌కు దక్కింది ఏడాదికి కొన్ని రోజులు తక్కువ.

ఇక దీనివల్ల మామూలు జనానికి ఏం జరిగిందో చెప్పాలి.

1. మా పిల్లలకు కళ్లెదుట ఉన్న మెట్టు పోయింది. జట్టు ఊళ్లో ఉన్నన్నాళ్లు పదిహేనేళ్ల పిల్లవాడికి ‘సెలక్షన్‌కు వెళ్లొస్తా సార్’ అనే ఒక మాట ఉండేది. ఇప్పుడు ఆ మాటకు అర్థం ఢిల్లీ రైలు టికెట్టు, అక్కడ ఉండే ఖర్చు, తోడు వెళ్లే తండ్రి రెండు రోజుల కూలీ. మా గ్రౌండ్‌లో బాగా ఆడే ఇద్దరు మిడ్‌ఫీల్డర్లు ఈ ఏడాది ఆట మానేశారు. ఒకడు మొబైల్ రిపేరు షాపులో చేరాడు. వాడి తండ్రి నన్ను తిట్టలేదు, “ఏం చేస్తాం సార్” అన్నాడు. తిట్టినా బాగుండేది.

2. శ్రీనిధి డెక్కన్ ఉంది కదా అంటారు. ఉంది, వాళ్లంటే మాకు గౌరవం. ఐ-లీగ్‌లో 2022-23, 2023-24 రెండుసార్లూ రెండో స్థానంలో నిలిచారు. కానీ కోటి మంది నగరానికి ఒక్క క్లబ్ చాలదు, అదీ దేశపు అగ్రశ్రేణి లీగ్‌లో లేని క్లబ్.

3. జీతాలు ఆగినప్పుడు నష్టపోయింది పేరున్న ఆటగాళ్లొక్కరే కాదు. పెద్ద ఆటగాడు ఇంకో క్లబ్‌కు వెళ్తాడు, ఫిఫాకు ఫిర్యాదు చేస్తాడు. బట్టలు ఉతికే మనిషి, కిట్లు మోసే కుర్రాడు, బస్సు డ్రైవరు, ఫిజియో దగ్గర సహాయకుడు, వీళ్లు ఎవరికి ఫిర్యాదు చేయాలి? 2025 జులైలో ఐఎస్‌ఎల్‌నే ఆపేసినప్పుడు ఇలాంటివాళ్లు దేశమంతటా ఇదే భయంతో గడిపారు.

4. మార్క్వెజ్ పెంచిన ఆ హైదరాబాద్ జట్టులో రెగ్యులర్‌గా ఆడిన 11 మందిలో ఒక్క తెలుగు కుర్రాడు కూడా లేడు. ఇది ఆయన తప్పు కాదు, పంపాల్సిన చోటు నుంచి పిల్లలు వెళ్లలేదు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి తులసీదాస్ బలరాం వెళ్లి 1962 స్వర్ణం తెచ్చారు. హబీబ్, నయీముద్దీన్, షబ్బీర్ అలీ ఈ నగరం పిల్లలే. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య ఈ రోజు భారత మహిళల జట్టుకు ఆడుతోంది, క్లబ్ ఫుట్‌బాల్ కోసం మాత్రం కోల్‌కతా వెళ్లాల్సి వచ్చింది. ఈ గడ్డమీద ఆట లేక కాదు.

5. గోల్ కొట్టేవాడు లేడని అందరూ అంటారు. క్లబ్‌లన్నీ ముందు వరుసను విదేశీయులకు ఇస్తే మనవాడు ఎక్కడ నేర్చుకుంటాడు? హైదరాబాద్ ఛాంపియన్ అయిన ఏడాది కూడా గోల్స్ భారం ఓగ్బెచే మీదే పడింది. అదే కోచ్ దేశం జట్టుకు వచ్చేసరికి ఆ చోట నిలబెట్టడానికి 40 ఏళ్ల ఛెత్రీ తప్ప ఎవరూ కనిపించలేదు. ఇందులో క్లబ్‌ల బాధ్యత ఎంత ఉందో ఒకసారి ఆలోచించండి.

6. అభిమానుల మాట ఎవరూ అడగలేదు. డెక్కన్ లీజియన్ అభిమాన సంఘం కుర్రాళ్లు జట్టు వరసగా ఓడిపోతున్న రోజుల్లో కూడా డప్పులతో గచ్చిబౌలి వచ్చారు. జట్టు తరలిపోతోందని వాళ్లు కూడా వార్తల్లోనే చదువుకున్నారు. ఒక షాపు ఖాళీ చేసేటప్పుడు కూడా పక్కవాళ్లకు చెప్పి వెళ్తారు.

7. మా పిల్లల్లో ఒకడి దగ్గర పాత పసుపు జెర్సీ ఉంది, వెనకాల ఓగ్బెచే పేరు. వాళ్లన్న తొడిగింది, ఇప్పుడు వాడికి వచ్చింది. అంచులు పీచు తేలాయి. దాన్ని మ్యాచ్‌లకు వేసుకోడు, చిరిగిపోతుందని. మళ్లీ దొరకదు కదా.

2025 డిసెంబరు 13న మెస్సీ మా నగరానికి వచ్చారు. ఉప్పల్ స్టేడియంలో జనం చూపిన ప్రేమ మీరూ చూశారు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి గారు స్వయంగా బూట్లు వేసుకుని మైదానంలో దిగారు. ఆయనకు ఈ ఆటంటే ఎంత ఇష్టమో మాకు తెలుసు, అందుకే ఆశ పెట్టుకుని రాస్తున్నాం. ఇంటర్‌కాంటినెంటల్ కప్ ఇక్కడ జరిగింది. 2024 డిసెంబరులో రాష్ట్రాల జట్లు ఆడే సంతోష్ ట్రోఫీ చివరి దశ ఇక్కడే జరిగింది. పెద్ద మ్యాచ్ పెట్టడం హైదరాబాద్‌కు వచ్చు. ఆ మర్నాడు పొద్దున పిల్లలు ఎక్కడ ఆడాలన్నదే ఇంకా తేలలేదు.

మా కోరికలు ఇవి.

1. భారత జట్టు కోచ్, పురుషులదైనా మహిళలదైనా జూనియర్లదైనా, ఇంకే క్లబ్‌లోనూ పనిచేయకూడదని సమాఖ్య నిబంధనల్లో రాయాలి. ఇప్పుడున్న కోచ్‌తో పూర్తికాలం ఒప్పందం చేసుకున్నారు, సంతోషం. రేపు ఇంకొకరు వచ్చి మళ్లీ మార్చకుండా అది రాతలో ఉండాలి.

2. కోచ్‌ను కనీసం ఒక ఆసియా కప్ క్వాలిఫయింగ్ చక్రం పూర్తయ్యేదాకా ఉంచాలి. తీసేయాల్సి వస్తే కారణాలు సాంకేతిక కమిటీ నివేదికగా బయట పెట్టాలి. మార్క్వెజ్ ఏడాది మీద అలాంటి నివేదిక ఉంటే ఇప్పుడైనా ప్రచురించండి. శిబిరానికి ఎన్ని రోజులు అడిగారు, ఎన్ని ఇచ్చారు, క్లబ్‌లు ఆటగాళ్లను ఎప్పుడు వదిలాయి, ఇవి తెలిస్తే చాలు.

3. సీజన్ మొదలయ్యే ముందే ప్రతి క్లబ్ ఆటగాళ్లకూ సిబ్బందికీ కనీసం ఆరు నెలల జీతానికి సరిపడా డబ్బు బ్యాంకు గ్యారంటీగా పెట్టాలి. అది లేనిదే లైసెన్సు ఇవ్వొద్దు. కిట్లు మోసేవాళ్లూ బట్టలు ఉతికేవాళ్లూ కూడా ఆ జాబితాలో ఉండాలి.

4. ఏ క్లబ్ అయినా నగరం మారాలంటే ఒక సీజన్ ముందే బహిరంగంగా చెప్పాలి. వెళ్లిపోయేటప్పుడు అక్కడి జూనియర్ జట్లను గాలికి వదిలేయకుండా, ఆ పిల్లలకు రెండేళ్లపాటు శిక్షణ సాగేలా డబ్బు కట్టి వెళ్లాలి.

5. క్లబ్ యజమానులకు ఒక విన్నపం. ప్రతి మ్యాచ్‌లో ముందు వరుసలో ఒక భారతీయ కుర్రాణ్ణి ఆడించే నియమానికి మీరే ముందుకు రండి. ఒకటి రెండు ఏళ్లు పాయింట్లు పోవచ్చు. మార్క్వెజ్ ఆకాశ్ మిశ్రాను ఆడించినప్పుడు కూడా ఆ భయం ఉండే ఉంటుంది.

6. రాష్ట్ర ప్రభుత్వానికి: హైదరాబాద్‌కు అగ్రశ్రేణి లీగ్‌లో మళ్లీ ఒక జట్టు రావడానికి, కొత్తదైనా సరే, ఉన్నదాన్ని పైకి తెచ్చినా సరే, చర్చలు మొదలుపెట్టండి. గచ్చిబౌలి స్టేడియాన్ని ఏడాదిలో ఎన్ని రోజులు ఫుట్‌బాల్‌కు ఇస్తారో ముందే క్యాలెండర్ ప్రకటించండి. జట్టు వచ్చేదాకా ఆగాల్సిన పని లేనిది ఇంకొకటి ఉంది. జంట నగరాల్లో వార్డుకొక గ్రౌండ్‌లో ఉదయం ఆరు నుంచి ఎనిమిది దాకా ఫుట్‌బాల్‌కు సమయం కేటాయించండి. దానికి బడ్జెట్ అక్కర్లేదు, ఒక సర్క్యులర్ చాలు.

7. జిల్లాల్లో 13, 15, 17 ఏళ్లలోపు పిల్లలకు ఏడాదిలో నాలుగు నెలలైనా సాగే లీగ్ నడపండి. మూడు రోజుల టోర్నమెంటు పెట్టి, ఒక మ్యాచ్ ఓడినవాణ్ణి ఇంటికి పంపితే వాడు ఏమీ నేర్చుకోడు.

ఈ ఏడింటిలో ఏవి చేయగలరో, ఏవి చేయలేరో 60 రోజుల్లో రాతపూర్వకంగా చెప్పమని కోరుతున్నాం. చేయలేమన్నా పరవాలేదు, ఎందుకో చెప్పండి. జవాబు ఏ భాషలో వచ్చినా చదివి పిల్లలకు చెప్పుకుంటాం. రాకపోతే ఇదే లేఖ మీద నగరంలోని మిగతా గ్రౌండ్‌ల కోచ్‌ల, తల్లిదండ్రుల సంతకాలు సేకరించి స్వయంగా తెచ్చి ఇస్తాం.

సంబంధిత అధికారి ఒకరు ఏ ఆదివారమైనా వచ్చి చూసినా మాకు సంతోషమే. ఆరింటికి మొదలుపెడతాం. ఎనిమిది తర్వాత వస్తే మాత్రం క్రికెట్ వాళ్లే కనిపిస్తారు.

ఇట్లు
సికింద్రాబాద్‌లో పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పే ఒక కోచ్,
38 మంది పిల్లలు, వాళ్ల తల్లిదండ్రుల తరఫున